తీరం వెంట వాన నడకల్లో 5 ఏళ్లు తోడున్న రెయిన్ జాకెట్

ఈ జాకెట్ కొని 5 ఏళ్లు దాటింది. ఏడాదికి నాలుగైదుసార్లు మా ట్రెక్కింగ్ గుంపుతో కలిసి సముద్రతీరం వెంట నడుస్తాను. అందులో సగానికి పైగా నడకలు వానలోనే సాగాయి. కొత్తలో ఏ రెయిన్ జాకెట్ అయినా బాగానే అనిపిస్తుంది, చుక్కలు తామరాకు మీద నీళ్లలా జారిపోతుంటాయి. అసలు సంగతి తెలియాలంటే కొన్నేళ్లు ఉప్పుగాలికి ఆరి, బ్యాగు పట్టీల కింద నలగాలి. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

దీనికి ముందు వాడింది రెండున్నర లేయర్ల జాకెట్, అంటే లోపలివైపు బట్ట ఉండదు, పూత మాత్రమే. తేలిగ్గా ఉండేది, మడిస్తే పిడికిలిలో పట్టేది. మూడో ఏడు వచ్చేసరికి లోపలి పూత జిగటగా మారి పొట్టు పొట్టుగా రాలిపోయింది. అలాంటి వాటిలో లోపల ఉండేది పాలీయురేథేన్ పూత. తేమ, వేడి తగులుతుంటే అది మెల్లగా చెడిపోతుంది. తడిగా ఉన్నప్పుడే మడిచి బ్యాగులో వదిలేయడం నేను చేసిన తప్పు.

ఇప్పుడున్నది మూడు లేయర్లది. పైన నైలాన్, మధ్యలో పలుచని పొర, లోపల ఒంటికి అంటుకోని అల్లిక బట్ట. ఆ మధ్య పొర 1969లో రాబర్ట్ గోర్ కనుక్కున్న రకం. వేడిచేసిన పీటీఎఫ్‌ఈని (టెఫ్లాన్ అనే ప్లాస్టిక్) ఒక్కసారిగా గట్టిగా లాగితే అది సాగి, కంటికి కనిపించని రంధ్రాలతో నిండిపోయింది. ఆ రంధ్రాల్లోంచి వాన చుక్క లోపలికి రాలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోగలదు. నా జాకెట్ లేబుల్ మీద 20,000 మిల్లీమీటర్లు అని ఉంది. బట్ట మీద 20 మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని దాని అర్థం. ఇన్నేళ్లలో బట్టలోంచి నీరు కారడం నేను చూడలేదు. లోపల తడిసిన ప్రతిసారీ అది మెడ దగ్గర నుంచో, ముంజేతుల నుంచో దిగిన నీరు, లేదా నా చెమట.

చెమట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట తేమ తక్కువ ఉండాలి. ముసురు పట్టిన రోజున సముద్రం పక్కన గాలంతా తేమే. అలాంటప్పుడు ఎంత మంచి పొర అయినా సగం పనే చేస్తుంది. నన్ను కాపాడింది చంకల కింద ఉన్న జిప్పులు. ఎక్కుడు మొదలవగానే వాటిని పూర్తిగా తెరిచేస్తాను. అవి లేని జాకెట్ తీరపు వాన కోసం కొనొద్దని గట్టిగా చెబుతాను.

ఒంటరిగా నడిచేవారికి ఈ జాకెట్ ఇంత అవసరం కాకపోవచ్చు. కదులుతున్నంతసేపు ఒంట్లో వేడి ఉంటుంది. గుంపుతో వెళ్తే ఆగడాలే ఎక్కువ. వెనకబడ్డవాళ్ల కోసం ఆగాలి, జారుడు బండ దగ్గర ఒక్కొక్కరూ దాటేదాకా ఆగాలి, తలలు లెక్కపెట్టుకోవడానికి ఆగాలి. జాకెట్ విలువ తెలిసేది అప్పుడే.

రెండేళ్ల క్రితం మేము 11 మందిమి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒక కొండకొమ్మును పోటు రాకముందే కింద నుంచి దాటాలని లెక్క వేసుకున్నాం. వాన వల్ల బండలన్నీ పాచిపట్టి జారుతుంటే, చేరేసరికి 40 నిమిషాలు ఆలస్యమైంది. నీళ్లు ఎక్కడం మొదలయ్యాక నెమ్మదిగా పెరుగుతున్నట్టే ఉంటుంది, కానీ పోటు ఎక్కే ఆరు గంటల్లో మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం ఎత్తు పెరిగిపోతుంది. మేము సరిగ్గా ఆ సమయంలో అక్కడికి చేరాం. గుంపు వెంట ఉన్న పెద్దాయన ఒక్క మాటే అన్నారు: "ఎవరూ దిగొద్దమ్మా, వెనక్కి ఎక్కండి." పైకి వెళ్లి ఓ బండ చాటున నిలబడ్డాం. నీళ్లు తగ్గేదాకా గంటల తరబడి ఈదురుగాలిలో అక్కడే ఉన్నాం.

పాంచోలు (తల మీదుగా వేసుకునే వదులు రెయిన్‌కోట్లు) వేసుకున్నవాళ్ల పరిస్థితి చూసి టెన్షన్ పడ్డాను. గాలికి అవి తెరచాపల్లా లేచిపోతున్నాయి, కింద నూలు చొక్కాలు ముద్దగా తడిసిపోయాయి. తడిసిన బట్ట ఒంట్లో వేడిని చాలా వేగంగా లాగేస్తుంది. ఒక కుర్రాడి వేళ్లు కొంకర్లు పోయి నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాడు. అతన్ని మధ్యలో కూర్చోబెట్టి, నా బ్యాగులో ప్లాస్టిక్ సంచిలో పొడిగా దాచిన స్వెటర్ తొడిగించాం. నేను జాకెట్ కింద ఫ్లీస్ (నూగులాంటి మెత్తని వెచ్చటి చొక్కా) వేసుకుని ఉన్నాను, అందుకే తట్టుకోగలిగాను. జాకెట్ వెచ్చదనం ఇవ్వదు, గాలినీ నీటినీ ఆపుతుంది అంతే. లోపల ఫ్లీస్ పట్టేంత వదులుగా ఉంటేనే ఉపయోగం. కొనేటప్పుడు ఫ్లీస్ వేసుకుని వెళ్లి తొడిగి చూడండి.

రంగు విషయంలోనూ ఆ రోజే ఒకటి గమనించాను. నాది నారింజ రంగు. కొన్నప్పుడు మరీ కొట్టొచ్చినట్టుందని అనిపించింది. ఆ ముసురులో బూడిదరంగు, నలుపు వేసుకున్నవాళ్లు బండల్లో కలిసిపోయారు, లెక్క రెండుసార్లు తప్పింది.

లోపాలూ ఉన్నాయి. హుడ్ గట్టిగా బిగుసుకుంటుంది, అంచు వంగదు, అది మంచిదే. కానీ వేసుకుంటే వెనకనుంచి వచ్చే విజిల్ సరిగ్గా వినిపించదు. కెరటాలకు దగ్గరగా నడిచేటప్పుడు తల తడిసినా సరే హుడ్ వెనక్కి తోసేస్తాను. జేబు జిప్పు లాగే ముక్క ఉప్పుకు పట్టేసి మూడో ఏట విరిగింది, దర్జీ దగ్గర మార్పించాను. అప్పటినుంచి ప్రతి నడక తర్వాత మంచినీళ్లతో కడిగి నీడన ఆరేస్తున్నాను.

రెండో ఏటికే పైబట్ట నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది. చిల్లు పడిందేమోనని భయపడ్డాను. పాడైంది చుక్కలు జారిపోయేలా చేసే పైపూత మాత్రమే. మామూలు సర్ఫ్, కంఫర్ట్ లాంటివి వాడితే వాటి అవశేషాలు బట్టలో మిగిలి నీటిని లాగుతాయి. ఇలాంటి బట్టలకని అమ్మే ద్రవంతో ఉతికి, డ్రయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పితే పూత చాలావరకు మళ్లీ పనిచేసింది. ఇప్పుడు ఏడాదికోసారి స్ప్రే కూడా కొడుతున్నాను. ఈమధ్య వస్తున్న ఫ్లోరిన్ లేని పూతలకు ఈ సేవ ఇంకా తరచుగా చేయాలి, చెమట, సన్‌స్క్రీన్ జిడ్డు వాటి మీద త్వరగా పనిచేస్తుంది.

ప్రస్తుతం ఎడమ భుజం కుట్టు మీది టేపు రెండు వేళ్ల పొడవున లేచింది. బ్యాగు పట్టీ రాపిడి సరిగ్గా అక్కడే పడుతుంది. జిగురు పెట్టి అతికించాక రెండు నడకలు చేశాను, కారలేదు. ఇది పూర్తిగా పాడయ్యాక మళ్లీ ఇదే రకం, ఇదే రంగు కొంటాను. వచ్చే నెల నడకకు మాత్రం దీన్నే ఉతికి ఆరేశాను.