పల్లెటూరి వితంతువుల వీలునామాలు చూడాలంటే: మా కౌంటీ రికార్డు ఆఫీసు

ఇంగ్లండు పల్లెల్లో ఆడవాళ్ళు ఎలా బతికారో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) పాత కాగితాలు భద్రపరిచే రికార్డు ఆఫీసుకి తప్పకుండా వెళ్ళాలి. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టిన వీలునామాలు (1384–1858) గొప్పవే. కానీ అప్పట్లో వీలునామాలు ఖరారు చేసేవి చర్చి కోర్టులే; ఇవి వాటిలో పెద్దదైన కాంటర్‌బరీ కోర్టువి, ఎక్కువగా కాస్త ఆస్తిపరులవి. పైగా గుమాస్తాలు రిజిస్టర్లలోకి ఎక్కించిన నకళ్ళు. ఒక ఆవు, నాలుగు గొర్రెలు ఉన్న ముసలావిడ వీలునామా సాధారణంగా స్థానిక చర్చి కోర్టుకే వెళ్ళేది. ఆ అసలు కాగితాలు చాలావరకు కౌంటీ ఆఫీసుల్లోనే ఉన్నాయి.

నేను తీయించుకున్నది 17వ శతాబ్దంలో భర్త పోయిన ఓ రైతు ఇల్లాలిది. పెద్ద కూతురికి ఈకల పరుపు, తలగడతో సహా. చిన్నకూతురికి ఇత్తడి గుండిగ. మంచి గౌను చెల్లెలికి, దాని తర్వాతిది కోడలికి. మనవరాలికి పెయ్యదూడ, పనిపిల్లకి లంగా. కొడుక్కి ఒక్క షిల్లింగే! అది కోపం కాదు, పొలం అతనికి తండ్రి నుంచి ముందే వచ్చేసి ఉంటుంది. అడుగున సంతకం లేదు, వంకరగా గీసిన ఒక గుర్తు ఉంది. నకలులో ఆ గీత దొరకదు.

భర్త బతికుండగా ఆయన ఒప్పుకోనిదే భార్య వీలునామా రాయకూడదు. పెళ్ళైన ఆడవాళ్ళ ఆస్తి హక్కుల గురించిన 1882 చట్టం వచ్చేదాకా దాదాపు ఇదే పరిస్థితి. ఏ వస్తువు ఎవరికి చెందాలో ఆవిడే తేల్చిన కాగితం కాబట్టి నాకు అంత విలువైనదనిపించింది.

సిబ్బందికి పూర్తి మార్కులు. నాకు కొరుకుడుపడని రాతని పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదివించారు. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో పాతరాత చదవడానికి ఉచిత పాఠాలున్నాయి, అవి చూసుకుని వెళ్ళండి. పెన్ను రానివ్వరు, పెన్సిలే. తేదీలు కూడా జాగ్రత్త: 1752కి ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మారేది. ఫిబ్రవరి 1640 అని ఉంటే మన లెక్కలో 1641.

నచ్చనివి: వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ఫోటోలకి విడిగా కట్టాలి. ఆస్తి జాబితాలు వేరే కేటలాగులో ఉన్నాయని అడిగితేగానీ చెప్పలేదు. మీరు మాత్రం అడగండి. మనిషి పోయాక ఇరుగుపొరుగు ఇల్లంతా తిరిగి, ఒక్కో సామానుకీ వెలకట్టి రాసినవి అవి. వీలునామాలో రాసిన పరుపు ఏ గదిలో ఉండేదో, ఎంత చేసేదో చాలాసార్లు అందులోనే తెలుస్తుంది.