హెచ్‌వీఎల్‌పీ గన్: రంగు మిగలాలంటే ముందు గాలి సరిపోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో మాది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. కింద కప్పు ఉండే పాత గన్ పక్కన పెట్టి, పైన కప్పుండే 1.3 మి.మీ. నాజిల్ హెచ్‌వీఎల్‌పీ (హై వాల్యూమ్ లో ప్రెషర్) స్ప్రే గన్‌కి మారి ఏళ్లయింది. రంగు మిగులుతుందన్న మాట నిజమే.

పాత గన్‌తో బానెట్ కొడితే పక్క బండి అద్దాల మీద కూడా గరుకుగా పొడి దిగేది. రంగులో సగానికి పైగా గాలికే పోయేది. హెచ్‌వీఎల్‌పీలో గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గన్ మూతికుండే ఎయిర్ క్యాప్ దగ్గర 10 పీఎస్ఐ దాటదు కాబట్టి చుక్కలు రేకుకు తగిలి అంతగా వెనక్కి ఎగరవు. కనీసం 65 శాతం రంగు బండికే అంటుతుందని ఈ రకం గన్‌లకు చెప్పే లెక్క.

అసలు సంగతంతా కంప్రెసర్‌లో ఉంది. ఇలాంటి గన్ 12, 13 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి తాగుతుంది. ఒక హెచ్‌పీకి 4 సీఎఫ్ఎం రావడమే గొప్ప. 2 హెచ్‌పీ కంప్రెసర్‌తో డోరు సగం వరకూ బాగానే పడుతుంది. ఆ తర్వాత గేజి ముల్లు దిగిపోతుంది, చుక్కలు లావవుతాయి, పైన మెరుపుకి కొట్టే క్లియర్ కోటు నారింజ తొక్కలా తేలుతుంది. ఇక పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దుకోవడమే! గన్ బాలేదని తిట్టేవాళ్లలో చాలామంది కథ ఇదే. మాది 5 హెచ్‌పీ, అయినా సన్న పైపు తీసేసి లోపల 10 మి.మీ. ఉన్నది వేశాకే ముల్లు నిలబడింది. ఒత్తిడి ఎప్పుడైనా ట్రిగ్గర్ నొక్కిపట్టి, గన్‌లోకి గాలి వెళ్లేచోటే చూసి పెట్టాలి. అక్కడ మాకు 29 పీఎస్ఐ సరిపోతోంది.

చెయ్యి ఆడించే తీరు కూడా మారాలి. జానెడు పైన పట్టే గన్‌ను ఆరంగుళాలకు తేవాలి, చెయ్యి నెమ్మదించాలి. "ఇదేంటన్నా, ఇంత స్లో" అని మా పెయింటర్ కొన్నాళ్లు సణిగాడు. మెటాలిక్ సిల్వర్‌తో మరీ జాగ్రత్త: తడిగా పడితే షేడ్ ముదురుతుంది, పక్క డోరుతో కలవదు. ముందు కార్డు మీద కొట్టి చూసుకోవాల్సిందే.

వానాకాలంలో పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలకపోతే ఏ గన్ అయినా ఒకటే.

ఎయిర్ క్యాప్ రంధ్రాల్లో పిన్నీసు పెట్టకండి, ఫ్యాన్ (రంగు విసనకర్రలా పడే తీరు) ఒక పక్కకి వంగిపోతుంది. గన్ మొత్తం రాత్రంతా థిన్నర్‌లో నానేస్తే ప్యాకింగులు పోతాయి. కొనేముందు నాజిల్, నీడిల్, క్యాప్ సెట్టు విడిగా దొరుకుతుందా అని అడగండి. మాకు అమ్మిన షాపువాళ్లు చిన్న ప్యాకింగ్ అడిగితే కొత్త గన్ కొనమన్నారు.

ప్రైమర్‌కి మాత్రం 1.7 నాజిల్‌తో వేరే చవక గన్ చాలు. బైకు ట్యాంకులు, టచప్‌లే చేసే 2 హెచ్‌పీ షెడ్లకు నేనైతే హెచ్‌వీఎల్‌పీ చెప్పను. తక్కువ గాలితో నడిచే ఎల్‌వీఎల్‌పీ చూసుకోండి.