3.3 వోల్టుల ఎఫ్‌పీజీఏ, 5 వోల్టుల బస్సు: మధ్యలో ఏది మేలు?

పాత 5 వోల్టుల ప్రాసెసర్ బస్సునో (డేటా నడిచే లైన్ల గుంపు), మెమరీనో, డిస్‌ప్లేనో 3.3 వోల్టుల ఎఫ్‌పీజీఏకి (లోపలి సర్క్యూట్‌ని మనమే కోడ్‌తో మలుచుకునే చిప్) కలపాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: రెసిస్టర్లతో సరిపెట్టొచ్చా, ఆటో డైరెక్షన్ షిఫ్టర్ (దిశని తనే పసిగట్టి వోల్టేజీ మార్చే చిప్) వాడాలా, 245 బఫరే (మనం చెప్పిన దిశలో ఎనిమిది లైన్లని దాటించే చిప్) పెట్టాలా?

ఎఫ్‌పీజీఏ నుంచి బయటికి మాత్రమే వెళ్లే లైన్ల సంగతి ముందు తేల్చేద్దాం. అవతలి ఇన్‌పుట్ టీటీఎల్ లేదా హెచ్‌సీటీ రకమైతే (ఇవి లాజిక్ చిప్పుల కుటుంబాలు) హై అనుకోవడానికి దానికి 2 వోల్టులు చాలు. నేరుగా తీగ వేసేయండి. అదే హెచ్‌సీ అనే సీమాస్ రకమైతే 5 వోల్టుల సప్లై మీద 3.5 వోల్టులు అడుగుతుంది. గేటు మామూలుగా మారేది సగం సప్లై దగ్గరే కాబట్టి 3.3తోనూ టేబుల్ మీద పని చేసేస్తుంది. కానీ దానికి డేటాషీట్ పూచీ లేదు. అక్కడ 5 వోల్టుల మీద నడిచే ఏహెచ్‌సీటీ125 బఫర్ పెడితే సరి.

లోపలికి వచ్చే లైన్లతోనే అసలు తంటా. సిరీస్ రెసిస్టర్ పెట్టి పిన్ లోపలి క్లాంప్ డయోడు (ఎక్కువైన వోల్టేజీని 3.3 సప్లైలోకి మళ్లించేది) మీద భారం వేయడం చాలామంది చేసే పనే. డయోడు ఉండి, దాన్ని ఇలా వాడుకోవచ్చని తయారీదారు చెప్పిన చిప్పుల్లోనే ఇది చెల్లుతుంది. 5.5 వోల్టులొచ్చినా పిన్ దాదాపు 4 వోల్టుల దగ్గర ఆగుతుంది. మధ్యలో 330 ఓం ఉంటే 4.5 మిల్లీఆంపియర్లు పారతాయి. ఒక లైనుకి పర్వాలేదు. పదహారు లైన్లు ఒకేసారి హై అయితే 70 మిల్లీఆంపియర్లకు పైనే 3.3 సప్లైలోకి ఎదురెక్కుతుంది. మామూలు రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదే తప్ప తీసుకోలేదు. బోర్డు అంత వాడుకోకపోతే 3.3 కాస్తా పైకి తేలిపోతుంది. ఎఫ్‌పీజీఏ సప్లై ఆపేసి అవతలి బోర్డు ఆన్‌లో ఉంచితే ఇదే దారిలో దొంగ కరెంటు ఎక్కుతుంది.

డివైడర్ (వోల్టేజీని పంచే రెండు రెసిస్టర్లు) దానికంటే నయం. పైన 1.8 కిలోఓం, కింద 3.3 కిలోఓం పెడితే 5 వోల్టులు 3.24కి దిగుతాయి. పిన్నూ ట్రాకూ కలిసి 15 పికోఫారడ్ అనుకుంటే రైజ్ టైమ్ (లైను లో నుంచి హై కావడానికి పట్టే సమయం) 40 నానోసెకన్ల దాకా పోతుంది. స్విచ్చులకూ నిదానంగా నడిచే సీరియల్ లైన్లకూ చాలు, బస్సుకి చాలదు.

ఇక అందరి చూపూ ఆటో డైరెక్షన్ షిఫ్టర్ టీఎక్స్‌బీ0108 మీదే: ఎనిమిది లైన్లు, దిశ చెప్పక్కర్లేదు. ఆ సుఖానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, సిగ్నల్ మారే అంచు దాటాక లైనుని పట్టి ఉంచేది సుమారు 4 కిలోఓం రెసిస్టెన్సే. అవతలి బోర్డులో 5 వోల్టులకి 10 కిలోఓం పుల్-అప్ (లైనుని హై వైపు లాగే రెసిస్టర్) ఒకటి ఉంటే, ‘లో’ కావలసిన లైను 1.4 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. టీటీఎల్ లెక్కలో ‘లో’ అంటే 0.8 వోల్టుల లోపు. పొడవైన కేబుల్ మీద రింగింగ్ (సిగ్నల్ ఊగులాట) వస్తే దాన్నే కొత్త అంచు అనుకునే ప్రమాదమూ ఉంది.

నా మొగ్గు 245 వైపే. కారణం ఒక్కటే: ఎఫ్‌పీజీఏలో బస్సు దిశ మన చేతిలోనే ఉంది. ట్రైస్టేట్ చేసే (పిన్లని నడపకుండా వదిలేసే) సిగ్నల్ మన కోడ్‌లో ఎలాగూ ఉంటుంది, దాన్ని ఇంకో పిన్ మీదుగా 245లో దిశ చెప్పే పిన్ డీఐఆర్‌కి తెస్తే చాలు. మనకు తెలిసిన దిశని ఊహించడానికి వేరే చిప్ ఎందుకు?

అయితే ఏ 245? అవతలివి ఎల్ఎస్ లాంటి టీటీఎల్ అవుట్‌పుట్లయితే 3.3 మీద నడిచే, 5 వోల్టుల్ని తట్టుకునే 74ఎల్‌వీసీ245ఏ చాలు. రెండు సప్లైల ఎల్‌వీసీ8టీ245 ఇక్కడ ముంచుతుంది. 5 వోల్టుల వైపు అది 3.5 వోల్టులు అడుగుతుంది, టీటీఎల్ హై అంతదాకా రాకపోవచ్చు. అవతలిది 5 వోల్టుల సీమాస్ అయినా, ఎఫ్‌పీజీఏ బ్యాంకు (ఒకే సప్లై మీద నడిచే పిన్ల గుంపు) 1.8 వోల్టులదైనా 8టీ245 భేషుగ్గా ఉంటుంది. ఆ చిప్‌లో ‘A’ అనే వైపుని మాత్రం ఎఫ్‌పీజీఏకే ఇవ్వండి. డీఐఆర్, ఓఈ (లో అయితేనే అవుట్‌పుట్లని ఆన్ చేసేది) పిన్లు ఆ వైపు సప్లైనే చూస్తాయి. తిప్పి కడితే 3.3 సిగ్నల్‌తో డీఐఆర్ మారుతుందన్న నమ్మకం లేదు.

దిశ మార్చేటప్పుడు వరుస ముఖ్యం: ఓఈ హై, ఎఫ్‌పీజీఏ పిన్లు ట్రైస్టేట్, డీఐఆర్ మార్పు, మళ్లీ ఓఈ లో. మధ్యలో ఒకటి రెండు ఖాళీ క్లాకులు వదలండి. కాన్ఫిగరేషన్ పూర్తయ్యేదాకా ఎఫ్‌పీజీఏ ఏమీ నడపదు కాబట్టి ఓఈకి 10 కిలోఓం పుల్-అప్ తప్పనిసరి. పుల్-డౌన్ కావలసిన చోట 10 కిలోఓం చాలకపోవచ్చు. కొన్ని చిప్పుల్లో ఆ సమయంలో లోపలి పుల్-అప్‌లు ఆన్‌లో ఉంటాయి, రెండూ కలిసి పిన్‌ని నడిమధ్యన వేలాడదీస్తాయి. 1 కిలోఓం వేయండి.

రెండు తీగల సీరియల్ బస్సు ఐ2సీకి ఒక్కో లైనుకి ఒక బీఎస్ఎస్138 మాస్‌ఫెట్, రెండు పుల్-అప్‌లు. అంతకు మించి ఆలోచించక్కర్లేదు.

దిశ నిజంగానే మన చేతిలో లేని సందర్భం ఒకటుంది: బస్సుని నడిపేది ఇంకొకరు, మనం మధ్యలో వింటూ అప్పుడప్పుడు జవాబిస్తాం. అప్పుడు కూడా టీఎక్స్‌బీ కాదు, సీబీ3టీ3245 బస్ స్విచ్ చూడండి. 3.3 మీద నడుస్తుంది, 5 వోల్టుల్ని అక్కడికే కత్తిరిస్తుంది, 5 ఓం రెసిస్టెన్సుతో ఆలస్యం ఇంచుమించు ఉండదు. కాకపోతే అది తనంతట తాను దేన్నీ నడపదు. మన 3.3 అవతలికి 3.3గానే వెళ్తుంది, కాబట్టి అవతల టీటీఎల్ ఇన్‌పుట్లే ఉండాలి.