కొరియరు, రిజిస్టర్డ్ పోస్టు, బీరువా, లాకరు: పద్నాలుగేళ్ల వాడకం

విజయవాడలో మాది మోటారు విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారం. అగ్రిమెంట్లు, నోటీసులు, దస్తావేజులు పద్నాలుగేళ్లుగా నా చేతి మీదుగానే వెళ్తున్నాయి.

మొదట్లో అన్నిటికీ కొరియరే. సాయంత్రం ఇస్తే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉండేది, ఆ మాట కాదనను. ఒకసారి మాత్రం డీలర్‌షిప్ అగ్రిమెంటును పక్క షాపులో పడేసి, అక్కడి కుర్రాడి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. 'డెలివరీ అయింది' అని మెసేజ్ ఆ రోజే వచ్చింది, కవరు దొరికింది మాత్రం నాలుగో రోజున. అప్పట్నుంచి కొరియరులో కేటలాగులు, శాంపిళ్లే పంపుతున్నాను.

బాకీ పార్టీలకు నోటీసులంటే పోస్టే. చెక్కు బౌన్సయితే, బ్యాంకు నుంచి ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లో చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138 సెక్షన్ కింద నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి అవతలివాడికి 15 రోజులు. తేదీలు రుజువు చేయలేకపోతే కేసే లేదు. ఒక పార్టీ కవరు తీసుకోనన్నాడు. పోస్ట్‌మ్యాన్ ఆ ముక్క రాసి తిప్పి పంపాడు. నేను కోపంతో కవరు చించబోతుంటే మా లాయరు గారు ఫోన్లోనే కేకేశారు: "చించకండి బాబూ, మన సాక్ష్యం అదే!" సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపింది వద్దన్నా అందినట్టే లెక్కట. కవరు అలాగే అంటించి ఉన్నదున్నట్టు ఆయనకిచ్చాను. కోర్టు గుమ్మం ఎక్కకముందే డబ్బులొచ్చాయి.

రసీదుతోనే చిక్కు. టేబుల్ అద్దం కింద పెట్టినది ఒక్క వేసవికే అక్షరాలు పోయి తెల్లకాగితమైంది. ఇప్పుడు పోస్టాఫీసు మెట్లు దిగగానే జిరాక్స్ తీయిస్తాను. ట్రాకింగ్ పేజీ కూడా డెలివరీ అయిన రోజే ప్రింటు.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో 'రిజిస్ట్రేషన్ కూడా' అని నోరు తెరిచి అడగాలి. ఐదు రూపాయలు, పైన జీఎస్టీ. అడిగితేనే కవరు మీద పేరున్న మనిషికో, అతను అధికారమిచ్చిన వాడికో ఇస్తారు. ఓటీపీ డెలివరీకి ఇంకో ఐదు. అగ్రిమెంట్లకు బాగుంది. నోటీసులకు మాత్రం వాడను. ఎగ్గొట్టేవాడు ఓటీపీ ఎందుకు చెప్తాడు?

ఇక దాచుకోవడం. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి బిల్లులు, వాటితోపాటు డీడులు అన్నీ సింగ్‌నగర్ గోడౌన్లో ఇనప బీరువాలో పెట్టాం. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మీదికొచ్చింది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే కింది రెండు అరలూ నానిన అట్టముద్ద. ఒక్కో కాగితం విడదీసి పాత పేపర్ల మీద ఫ్యాను కింద ఆరబెట్టాం. బాల్‌పెన్ సంతకాలు నిలిచాయి. ఇంకు పెన్నువి నీలం మరకలయ్యాయి. స్థలం దస్తావేజుకు రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరికింది.

తర్వాత బ్యాంకు లాకరు తీసుకున్నాను. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు మనకు ఏడాది లాకరు అద్దెకు 100 రెట్లు ఇవ్వాలి. వరదకు ఆ హామీ లేదు. అందుకే లాకర్లు మేడ మీదున్న బ్రాంచి వెతుక్కున్నాను. శనివారం సాయంత్రం డీడు కావాల్సి వస్తే మాత్రం సోమవారం దాకా ఆగాల్సిందే.

మా తమ్ముడు 'డిజిలాకర్ ఉండగా ఇవన్నీ ఎందుకన్నయ్యా' అనేవాడు. అందులో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసినవి అసలుతో సమానమే. మనం ఎక్కించినవి ఉత్త స్కాన్లు. లోనుకు పార్ట్‌నర్‌షిప్ డీడు స్కాన్ చూపిస్తే బ్యాంకువాళ్లు అసలు తెమ్మన్నారు. అసల్లో మా బాబాయి సంతకం ఉన్నచోట నీలం మరకే ఉంది. కొత్త స్టాంపు కాగితాల మీద మళ్లీ రాయించాం. తెనాలి నుంచి వచ్చిన బాబాయి అలవాటుగా జేబులోంచి ఇంకు పెన్ను తీశాడు. తమ్ముడు మాట్లాడకుండా దాన్ని లాక్కుని, చేతిలో బాల్‌పెన్ పెట్టాడు.