బటర్‌ఫ్లై చేపల ట్యాంకుకు మైపాడు నీళ్లా, హేచరీ నీళ్లా, డబ్బా ఉప్పా: ఏది మేలు?

నెల్లూరులో ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు చేప గురించి అడగకముందే నీళ్ల గురించి అడుగుతారు. "అన్నా, పాతిక కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకొని డబ్బాలో ఉప్పు కొనమంటావేంది?" ఒంగోలు వాళ్లయితే మైపాడు బదులు కొత్తపట్నం అంటారు, ప్రశ్న మాత్రం అదే. డబ్బా ఉప్పంటే మంచినీళ్లలో కలిపి సముద్రపు నీళ్లు తయారుచేసుకునే అక్వేరియం ఉప్పు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఒకేచోట రాసి పెడితే మేలనిపించింది. స్కిమ్మర్ ఏమిటి, ట్యాంకు సైకిల్ అయ్యేదాకా ఎందుకు ఆగాలి లాంటివి తెలిసినవాళ్ల కోసమే ఇది.

మామూలు క్లౌన్ ఫిష్ ట్యాంకుకైతే ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. బటర్‌ఫ్లై కథ వేరు. దాని నోరు చిన్నది. పగడపు దిబ్బల మీద పొద్దస్తమానం పొడుచుకు తింటూనే ఉంటుంది, ఒక్కసారిగా కడుపు నింపుకునే చేప కాదు. ఇంట్లో పెట్టుకుంటే రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం మేత వెయ్యాలి. మేత పెరిగితే మురికి పెరుగుతుంది, నైట్రేట్ ఎక్కుతుంది, నీళ్లు మార్చక తప్పదు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకు లెక్కకు 560 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన జాగా పోతే 450 దాకా మిగులుతాయి. పదిహేను రోజులకోసారి అందులో ఐదో వంతు మార్చాలంటే 90 లీటర్లు కావాలి. అంటే నాలుగున్నర వాటర్ క్యాన్లు, నెలకు రెండుసార్లు, ఏడాది పొడవునా. నీళ్లలో ఏదైనా తేడా వస్తే ఈ చేప మొదట చేసే పని మేత మానెయ్యడం. ఒకసారి మానేసిన బటర్‌ఫ్లైని మళ్లీ తినేలా చెయ్యడం ఎంత కష్టమో పెంచినవాళ్లకు తెలుసు.

మైపాడు నీళ్లకు ఖర్చు లేదు, పెట్రోలు తప్ప. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు, నడుం లోతు దాటి తెచ్చిన నీళ్లు నిజంగా బాగుంటాయి. తెచ్చాక వెంటనే ట్యాంకులో పొయ్యకూడదు. మూత పెట్టి ఊరికే వదిలేసినా ముప్పే. అందులో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టన్) చీకట్లో చచ్చి, కుళ్లి, అమ్మోనియా పుడుతుంది. డ్రమ్ములో పోసి గాలి పెట్టి, చీకట్లోనే వారం పది రోజులు ఉంచి, అమ్మోనియా సున్నా చూసుకొని, అడుగున దిగిన ఒండ్రు కదలకుండా పైనీళ్లు తోడుకోవాలి. ఇది చేసేవాళ్లు ఉన్నారు, చేపలు బాగానే ఉన్నాయి. తీరం దగ్గర నీళ్లు వద్దనుకొని, బోటువాళ్లను బతిమాలి లోపలినుంచి క్యాన్లు నింపించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ నీళ్లు ఇంకా మేలు. కాకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మరబోట్లు కదలవు. కాలవలు కలిసేచోట, రొయ్యల గుంటల నీళ్లు బయటికి వదిలేచోట, పోర్టు పక్కన మాత్రం నీళ్లు ముంచొద్దు.

"సముద్రపు చేపకు సముద్రపు నీళ్లే కదా మంచిది" అనే మాటకు నా దగ్గర ఒకటే జవాబు. ఈ చేప మన నెల్లూరు తీరానిది కాదు. మన షాపులకు వచ్చేవి మన్నార్ సింధుశాఖలాంటి చోట్లనుంచో, విదేశాలనుంచో చెన్నై మీదుగా వస్తాయి. అవి పెరిగింది పగడపు దిబ్బల్లో, తేటనీళ్లలో. నెల్లూరు తీరంలో అలాంటి దిబ్బల్లేవు. నదులు తెచ్చే మంచినీళ్లకూ ఒండ్రుకూ పగడం నిలవదు. పగడం నిలవని నీళ్లను పగడపు చేపకు తేవాలని మనం తాపత్రయపడుతున్నాం.

నా లెక్కలో తేల్చేది ఇదే: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏం చేస్తారు?

బంగాళాఖాతంలో తీరం వెంబడి పారే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి దిగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలమంతా సముద్రంలో పోసిన మంచినీళ్లను అప్పుడు మన తీరం వెంటే కిందికి మోసుకొస్తుంది. సరిగ్గా అదే సమయంలో మనకు ఈశాన్య రుతుపవనం. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానలు అయిపోయే వేళకు మనకు మొదలవుతాయి. పెన్న ఊటుకూరు దగ్గర కలుస్తుంది, మైపాడు దానికి దక్షిణంగా ఉంది. కాబట్టి సోమశిల గేట్లు ఎత్తితే ఆ ఎర్రనీళ్లు పోయే దారిలోనే మన బీచి ఉంటుంది. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. అది మామూలు ఏడాది కాదంటారా? వరద లేని ఏడాది కూడా ఒక నవంబరు ఉదయం మైపాడు నీటి చుక్క ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి వెలుతురుకేసి చూశాను. నీలానికీ తెలుపుకీ మధ్య గీత 30 పీపీటీకి (లీటరుకు దాదాపు 30 గ్రాముల ఉప్పు) చాలా కిందే ఆగిపోయింది. చేతిలో మగ్గు నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి.

"తగ్గితే ఉప్పు కలిపి లేపుకుంటాం" అంటారు. అంకె లేస్తుంది, నిజమే. కానీ దానితో వచ్చిన మట్టి, పొలాల ఎరువు, కుళ్లిన ఆకు అలములు పోవు. పైగా తుపాను హెచ్చరిక ఉన్న వారం బీచికి ఎవరు పోతారు? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందూ వెనకా సముద్రం ఎన్నాళ్లు కలగాపులగంగా ఉందో మత్స్యకారులను అడగండి. నీళ్లు మార్చడం వాయిదా పడుతుంది, చేప మాత్రం రోజుకు నాలుగుసార్లు తింటూనే ఉంటుంది. జనవరిలో సముద్రం తేరుకున్నాక ఒకేసారి చిక్కటి నీళ్లు తెచ్చి పోస్తే ఇంకో దెబ్బ. ఉప్పు తగ్గడాన్ని చేప కొంత ఓర్చుకుంటుంది గానీ, ఉన్నట్టుండి పెరగడాన్ని ఓర్చుకోదు. ట్యాంకులో ఉప్పు 30 ఉందా, 34 ఉందా అన్నదానికి బటర్‌ఫ్లై పెద్దగా పట్టింపు పెట్టుకోదు. ఈ నెల 28, వచ్చే నెల 33 అంటేనే దానికి పడదు.

హేచరీ నీళ్లు మన జిల్లాలకున్న అదృష్టం. హైదరాబాదువాళ్లకు ఈ సౌకర్యం లేదు. తీరం పొడవునా ఉన్న, రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలు సముద్రపు నీళ్లు తోడి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, బ్లీచింగ్ వేసి, గాలి పట్టించి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో చంపి, లోహాలను పట్టేసే ఈడీటీఏ వేసి వాడుకుంటాయి. తెలిసినవాళ్లుంటే క్యాన్లు నింపుకోనిస్తారు. మనం వారం రోజులు తంటాలు పడి చేసేదంతా అక్కడ ముందే అయిపోయి ఉంటుంది. రొయ్యల వైట్ స్పాట్ వైరస్ చేపలకు అంటుకుంటుందేమోనని కొందరు భయపడతారు. అది రొయ్యలు, పీతల జాతికి వచ్చేది, చేపల ఒంటి మీద తెల్లచుక్కలు పుట్టించే పరాన్నజీవి వేరు.

అడగాల్సినవి రెండే. ఈ నీళ్లు రిజర్వాయరు ట్యాంకువా, లేక సీడ్ (రొయ్యపిల్లలు) పెంచి వదిలేసినవా? క్లోరిన్ పోయిందా? రెండోదానికి నోటి మాట చాలదు. రొయ్యల గుంటల దగ్గర అందరి సంచిలోనూ ఉండే, క్లోరిన్ పరీక్షించే ఓటీవో సీసా ఒకటి తీసుకెళ్లండి. గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కలు వేసి, తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. లేత పసుపు తిరిగినా సరే, ఆ నీళ్లు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. నాకు తెలిసిన ఒకాయనకు అలా పసుపు తిరిగితే, అక్కడి టెక్నీషియన్ ఏమీ అనుకోకుండా మరికాస్త థయోసల్ఫేట్ వేసి అరగంట ఆగి మళ్లీ చూడమన్నాడట. ఆ అరగంట ఆగే ఓపిక లేనివాళ్లు హేచరీ దారి పట్టకపోవడమే మంచిది.

అయితే హేచరీవాళ్లు తోడేదీ అదే సముద్రం. నవంబరులో వాళ్ల నీళ్లూ పలచబడతాయి, కాకపోతే తేటగా ఉంటాయి. 90 లీటర్లను 27 నుంచి 32కి లేపాలంటే అర కిలో ఉప్పు చాలు. కాబట్టి మైపాడు నీళ్లకన్నా ఇది ఎంతో నయం. హేచరీలో మనిషి తెలిసి, వారం విడిచి వారం కారు అటు పోయే పనీ ఉంటే, నేను కాదనను.

నేను మాత్రం డబ్బా ఉప్పు వైపే ఉంటాను. 450 లీటర్లకు మొదటిసారి దాదాపు 16 కిలోలు పడుతుంది. తర్వాత పదిహేను రోజులకోసారి మూడు కిలోల పైచిలుకు. పాతిక కిలోల డబ్బా కొంటే నాలుగు నెలలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. మూడింటిలో ఖర్చు దీనికే ఎక్కువ, దాచేదేం లేదు. అయితే ఆ ఖర్చును కొంత దించుకునే దారి ఉంది. షాపులో ముందు చూపించేది పగడాల కోసం కాల్షియం, ఆల్కలినిటీ పెంచిన ఖరీదైన ఉప్పు. బటర్‌ఫ్లై పెట్టేవాడు పగడాలు ఎలాగూ పెట్టలేడు, అది వాటిని కూడా తింటుంది. పైగా మన దేశపు పగడాలను సేకరించడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, 2001 నుంచి అవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చేపలకు సరిపోయే మామూలు రకం కొనుక్కుంటే చాలు.

ఉప్పు కొంటే సరిపోదు, మంచినీళ్లు కూడా కావాలి. బోరు నీళ్లు వద్దు. వీధి చివర ఆర్వో ప్లాంటు క్యాన్ పనికొస్తుంది గానీ, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను ముంచి చూడండి. రుచి కోసం మళ్లీ మినరల్స్ కలిపే ప్లాంట్లున్నాయి. వాళ్లను అడిగి అది కలపకముందు నీళ్లు పట్టించుకోండి, లేదా ఇంటి ఆర్వో చివర, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించండి. ఏసీ నుంచి కారే నీళ్లు వాడదామా అని అడుగుతారు. రాగి గొట్టాల మీదుగా కారే నీళ్లు చేపలకెందుకండీ.

కలిపేటప్పుడు ముందు డ్రమ్ములో నీళ్లు, ఆ తర్వాతే ఉప్పు, దోసిలి దోసిలిగా. తిరగేసి చేస్తే కాల్షియం గడ్డకట్టి అడుగున సున్నంలా మిగిలిపోతుంది. చిన్న పంపు పెట్టి రాత్రంతా తిప్పితే పాలలా ఉన్నది తెల్లారేసరికి తేటపడుతుంది. మేడ మీద ఎండలో డ్రమ్ము పెట్టి ఆ వేడినీళ్లు నేరుగా పొయ్యకుండా ఉంటే చాలు. బయట తుపాను ఉన్నా, వేట నిషేధం ఉన్నా, హేచరీ సీజను లేక మూసేసినా, ఈ డ్రమ్ములో నీళ్లు జూన్లో ఎలా ఉన్నాయో డిసెంబరులోనూ అలాగే ఉంటాయి. నేను డబ్బా ఉప్పుకు ఓటు వేసేది దీనికే.

చినగంజాం కొటారుల ఉప్పు, ఇసకపల్లి ఉప్పు సంగతి కూడా అడుగుతారు. కూరకు బాగుంటుంది. ఉప్పు మడిలో కాల్షియం ముందే అడుక్కు దిగిపోతుంది, మెగ్నీషియం చివరి చేదునీళ్లలో పోతుంది, మధ్యలో మనకు దక్కేది సోడియం క్లోరైడు. తీరం ఊళ్ల ఉప్పునీటి బోర్లూ అంతే, పొటాష్ తక్కువ. రొయ్యల రైతులు ఆ నీళ్లలో పొటాష్ ఎందుకు చల్లుతారో తెలిసిందే.

ఏ నీళ్లు పోసినా చేప ఎంపిక తప్పితే ఫలితం ఉండదు. బటర్‌ఫ్లైల్లో రకూన్, ఆరిగా, వాగబాండ్, ఎర్రతోక కాలర్ రకాలు మేతకు అలవాటు పడతాయి. మెలన్, ఆర్నేట్, మేయర్స్ పగడం తప్ప ముట్టవు, ఎంత అందంగా కనిపించినా షాపులోనే వదిలెయ్యండి. కాపర్‌బ్యాండ్ మధ్యరకం. ఫ్రీజర్లో పెట్టి తీసిన ఆల్చిప్పను తెరిచి రాయి మీద పెడితే పొడుచుకు తినడం మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

ఇప్పటికే సముద్రపు నీళ్లతో ట్యాంకు నడుస్తూ, డబ్బా ఉప్పుకు మారాలనుకునేవాళ్లకు ఒక మాట. ట్యాంకు 28లో ఉంటే కొత్త నీళ్లు 33 కలిపి పెద్దమొత్తంలో మార్చకండి. ఆవిరైన మేరకు రోజూ మంచినీళ్లు పోస్తుంటారు కదా, కొన్నాళ్లు దాని బదులు కలిపిన ఉప్పునీళ్లు పోయండి. మన ఎండలకు గ్లాసు మీద గీత దిగడం కంటికే కనిపిస్తుంది, కాబట్టి మరీ ఆలస్యం కాదు. రోజూ కొలిచి, రోజుకు ఒక పీపీటీ దాటకుండా చూసుకోండి. ఆ రోజుల్లో చేప ఆర్టీమియా (మేతగా వేసే చిన్న రొయ్యలాంటి జీవి) మీదికి ఎప్పటిలా వస్తుంటే కొనసాగించండి, ఒక పూట ముఖం తిప్పుకున్నా అక్కడే ఆపి, మళ్లీ తినేదాకా మంచినీళ్లే పోస్తూ ఉండండి.