అరోరా చూడ్డానికి దసరా సెలవులు మేలా, సంక్రాంతి మేలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉద్యోగస్తుల కుటుంబాలకు అరోరా (ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) చూడ్డానికి నార్వేకో స్వీడన్‌కో వెళ్లే వీలు దొరికేది పూజా సెలవుల్లో, లేదంటే సంక్రాంతికి. మా ఓటు దసరాకే.

చీకటి లెక్కలో సంక్రాంతిదే పైచేయి. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యోదయమే ఉండదు. దసరా రోజుల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది దాటితే గానీ చీకటి చిక్కబడదు. అయితేనేం, అరోరా జోరు ఎక్కువగా పది నుంచి రెండు మధ్యనే. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గర సౌరగాలి (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) భూమి అయస్కాంత క్షేత్రంతో తేలిగ్గా ముడిపడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు, మార్చి నెలల్లో అరోరాను రగిలించే అయస్కాంత తుఫానులు ఎక్కువ రావడానికి కారణం అదే.

నవరాత్రులు శుక్లపక్షం కదా, వెన్నెల చెడగొట్టదా? అంత ఉత్తరాన అష్టమి చంద్రుడు దిగంతం దగ్గరే తచ్చాడతాడు, కొన్నేళ్లు అసలు పైకే రాడు. ఏకాదశి లోపు ముగించుకుంటే చాలు. సంక్రాంతి సౌరమానం, తిథి ఏటా మారుతుంది. పుష్య పౌర్ణమి దగ్గర పడిందంటే చంద్రుడు రాత్రంతా ఎత్తుగా వెలుగుతూనే ఉంటాడు.

ఊరి విషయంలో ట్రోమ్సోకు విమానాలు, హోటళ్లు ఎక్కువ. కానీ సముద్రపు మబ్బు, అక్టోబరులో వాన. మబ్బు పడితే వంద కిలోమీటర్ల పైచిలుకు లోపలికి, స్కిబోట్న్ దాకా కారులో పోవాలి. స్వీడన్‌లోని అబిస్కో కొండల వాననీడలో ఉంది (వానమబ్బును కొండలే అడ్డుకుంటాయి), ఏడాదంతా కలిపి 300 మి.మీ. అటూ ఇటూగా పడుతుంది. కిరునా నుంచి రైలుంది. దసరాకు అక్కడి టోర్నెట్రాస్క్ సరస్సు గడ్డకట్టి ఉండదు, నీళ్లలో ప్రతిబింబం కూడా ఫొటోలో పడుతుంది. జనవరిలో అక్కడ మైనస్ ఇరవై మామూలే. షెంజెన్ వీసా రెండు దేశాలకూ ఒకటే.

అరోరా ఆప్‌లో కేపీ (అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే సూచిక) 2 అని చూసి పడుకోకండి. అక్కడ అది చాలు. బీజెడ్ (సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రపు ఉత్తర-దక్షిణ దిశ కొలత) మైనస్‌లోకి దిగి నిలిచిందంటే బయటికి రండి.

కెమెరా: 14–24 ఎం.ఎం. లెన్స్, ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600–3200, అరోరా తెర వేగంగా కదుల్తుంటే షట్టర్ 2–4 సెకన్లు, మందంగా ఉంటే 8–15. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మొద్దు. లైవ్ వ్యూలో ఒక నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, చుక్క అత్యంత చిన్నగా కనిపించేదాకా తిప్పి, రింగుకు టేపు వేయండి. యూవీ ఫిల్టర్ తీసేయాలి. అరోరా పచ్చరంగు ఒకే తరంగదైర్ఘ్యం (557.7 నానోమీటర్లు) కావడంతో ఫిల్టర్ చదునైన అద్దం వల్ల ఫొటో మధ్యలో వలయాలు పడతాయి, ఎడిటింగ్‌లో పోవు. గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ సంచిలో మూసేయండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఫోకస్ పని ముందే ఒక అమావాస్య రాత్రి మహేంద్రగిరి మీద చేతికి అలవాటు చేసుకోవచ్చు.

అంత దూరం ఎందుకు, చీకటి ఆకాశానికి పేరున్న లదాఖ్‌లోని హాన్లే చాలదా అంటారు. 2024 మే 10 రాత్రి అక్కడి కెమెరాలకు ఎర్రని కాంతి చిక్కిన మాట నిజమే. అది రెండు దశాబ్దాల్లో అతి పెద్ద తుఫాను. అలాంటిదాని కోసం ముందే టికెట్ కొనలేం.