39 అంగుళాల మధ్యవాడు, మరో ఇద్దరు: ఓర్లాండోలో ఆరు రోజులు

టికెట్ల ధరలు చూడకముందే ముగ్గురు పిల్లల్నీ బూట్లతో సహా గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచాను. పెద్దది 52 అంగుళాలు, మధ్యవాడు 39, చిన్నది 34. వయసులైతే తొమ్మిది, నాలుగు, రెండు. అమెరికాలో డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులున్న ఊరు ఓర్లాండో. అక్కడ వయసు టికెట్ కొనేటప్పుడు పనికొస్తుంది. గేటు దాటాక అంతా అంగుళాలే, చాలా రైడ్లకి కనీసం ఇంత ఎత్తుండాలని నిబంధన.

వయసు సంగతి ముందు చెప్పేస్తాను. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పార్కులు) మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల టికెట్, పది నిండితే పెద్దల లెక్కే. ఆ రెంటికీ తేడా పెద్దగా ఉండదు కాబట్టి పదో పుట్టినరోజు ముంచుకొస్తోందని హైరానా పడక్కర్లేదు. చిన్నదానికి మూడు నిండకముందు వెళ్తే మాత్రం ఒక టికెట్ డబ్బంతా మిగులుతుంది. అదే చూసుకుని జూన్‌లో బయల్దేరాం. నేను, మావారు, అత్తయ్య, ముగ్గురు పిల్లలు.

మా ప్లానింగ్ అంతా మధ్యవాడి చుట్టూ తిరిగింది. పెద్దది దాదాపు అన్నీ ఎక్కగలదు. చిన్నది ఎత్తు నిబంధన లేనివి మాత్రమే ఎక్కగలదు. ఇద్దరి విషయంలోనూ ఆలోచించాల్సింది లేదు. వీడితోనే చిక్కు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్‌కి 38 అంగుళాలు చాలు, స్లింకీ డాగ్ డాష్‌కీ అంతే. టవర్ ఆఫ్ టెర్రర్‌కి 40 కావాలి, టియానాస్ బయూ అడ్వెంచర్‌కీ 40. స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. అంటే ఒక అంగుళం దగ్గర వాడికి సగం లోకం తెరుచుకుంటుంది, ఇంకో అంగుళం దగ్గర మిగతా సగం మూసుకుపోతుంది. బూట్లో ఇంకో జత సాక్సు వేద్దామా అని మావారు అన్నారు. వద్దన్నాను. ఆ ఇనప కడ్డీ, బెల్టు ఎంత ఒళ్లు ఉన్నవాళ్లను పట్టి ఉంచుతాయో చూసుకునే ఆ అంకె పెడతారు. మనం మోసం చేసేది గేటు దగ్గర నిలబడ్డ మనిషిని కాదు కదా.

కొన్ని ఎక్కనివ్వరని ముందే చెప్పినా, వాడి బుర్రకి అది పట్టలేదు. హాలీవుడ్ స్టూడియోస్‌లో రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ దగ్గర కొలత కర్ర పెడితే, కోడిపుంజులా మెడ సాచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కర్ర వాడి జుట్టుకి కూడా తగల్లేదు. కొలిచిన అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని వాడితో ఏదో చెప్పింది, వాడు వినలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నా చున్నీలో మొహం దాచుకున్నాడు. అప్పుడు అక్కరకొచ్చింది నేను రాసుకున్న చిట్టా. పక్కనే ఉన్న మిలీనియం ఫాల్కన్‌కి 38 చాలు. ఒక్కో విడతలో ఆరుగురు ఎక్కుతారు, ఇద్దరు పైలట్లు, ఇద్దరు గన్నర్లు, ఇద్దరు ఇంజినీర్లు. వాడు ఇంజినీరయ్యాడు. వెలిగిన బటన్లూ, వెలగని బటన్లూ అన్నీ నొక్కేశాడు. బయటికొచ్చి, "అక్కకి ఈ ఉద్యోగం రాలేదు" అన్నాడు. ఎక్కలేని ప్రతి రైడ్‌కీ దగ్గర్లోనే ఎక్కగలిగేది ఒకటి ఉండేలా ముందే రాసిపెట్టుకోండి. ఆ పది నిమిషాల ఏడుపు తర్వాత రోజంతా పాడవకుండా ఉండాలంటే ఇంతకన్నా దారి నాకు కనపడలేదు.

ఇక బస. ఇక్కడే నేను గట్టిగా దెబ్బతిన్నాను. మొదటి రెండు రాత్రులకు ఊరి బయట ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మూడు పడకగదులు, వాషింగ్ మెషీన్, చిన్న కొలను, అద్దె కూడా తక్కువే. "డిస్నీకి 10 నిమిషాలు" అని రాశారు. అబద్ధం అనలేను. పది నిమిషాల్లో డిస్నీ బోర్డు కనిపించింది. ఆ స్థలం సుమారు 25 వేల ఎకరాలని నేనే మర్చిపోయాను. బోర్డు దాటాక మళ్లీ డ్రైవింగ్, పార్కింగ్, స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) విప్పడం, సెక్యూరిటీ. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే నేరుగా గేటు ముందు దిగలేం. చెరువుకి ఇవతల ఆపి, అక్కణ్ణించి మోనోరైల్‌లో గానీ ఫెర్రీలో గానీ అవతలికి పోవాలి. పడవ పిల్లలకి నచ్చింది, అది వేరే సంగతి. ఇంటి తాళం వేసినప్పటి నుంచి గేటు దాటేదాకా గంటా ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం చిన్నదాన్ని పడుకోబెట్టడానికి మళ్లీ అంత దూరం వెనక్కి వెళ్లాలంటే ఎవరికీ ఓపిక లేదు. సాయంత్రం ఆరింటికి ముగ్గురూ ఒకేసారి ఏడ్చారు. అత్తయ్య ఏడవలేదు గానీ మాట్లాడటం మానేశారు.

మూడో రోజు ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే డిస్నీ వాళ్ల హోటల్‌కి మారాం. అక్కడి ఫ్యామిలీ సూట్‌లో ఆరుగురు పడుకోవచ్చు, బాత్రూములు రెండు. డైనింగ్ టేబుల్‌ని కిందికి వంచితే మంచమవుతుంది. దాన్ని వంచేది నేనంటే నేనని పెద్దదీ మధ్యవాడూ రోజూ పోట్లాడుకున్నారు. ఖర్చు అద్దె ఇంటికన్నా బాగా ఎక్కువే, దాచడమెందుకు. కానీ ఆ డబ్బుకి దొరికింది మధ్యాహ్నపు నిద్ర. హోటల్ దగ్గరి నుంచి స్కైలైనర్ అనే రోప్‌వే ఉంది, 2019లో మొదలైంది. మధ్యలో ఒకచోట మారి హాలీవుడ్ స్టూడియోస్‌కి గానీ ఎప్‌కాట్‌కి గానీ వెళ్లొచ్చు. స్ట్రోలర్ మడవకుండానే డబ్బాలోకి తోసుకెళ్లొచ్చు. బస్సులోనైతే నిద్రపోతున్న పిల్లను లేపి స్ట్రోలర్ మడవాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది, రోజుకు నాలుగుసార్లు చేస్తే తెలుస్తుంది. స్కైలైనర్‌లో ఏసీ ఉండదు, ఉరుములు మెరుపులు వస్తే ఆపేస్తారు. జూన్‌లో ఆ రెండూ లెక్కలోకి తీసుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం బస్సే మేలు, చెరువు గొడవ లేకుండా గేటు దగ్గరే దింపుతుంది.

ఇంకో లాభం, డిస్నీ హోటళ్లలో ఉన్నవాళ్లను పార్కులోకి రోజూ అరగంట ముందు పంపిస్తారు. చిన్నపిల్లలు ఎలాగూ తెల్లారకుండానే లేస్తారు కాబట్టి ఆ అరగంట మనకోసమే పెట్టినట్టుంటుంది. విమానాశ్రయం నుంచి ఉచితంగా తీసుకొచ్చే బస్సు గురించి పాతవాళ్లు చెబుతారు, నమ్ముకోకండి. 2022 మొదట్లోనే అది ఆగిపోయింది.

స్ట్రోలర్ గురించి ఒక మాట. పార్కులో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, పార్కు దాటించకూడదు. హోటల్‌కి తిరిగొచ్చేటప్పుడు చేతుల మీద మోసుకురావాలి. అందుకని బయట ఒక దుకాణంలో డబుల్ స్ట్రోలర్ మాట్లాడుకున్నాం. వాళ్లు తెచ్చింది సింగిల్. ఫోన్ చేస్తే, "పెద్దాడు నడుస్తాడుగా" అన్నట్టు మాట్లాడారు. డబుల్ వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. నాలుగేళ్లవాడికి స్ట్రోలర్ ఎందుకని ఇంట్లో నేనూ అనుకున్నాను. రోజుకు అంతంత దూరం నడిచాక వాడే ఎక్కి కూర్చున్నాడు. కొలతలు మాత్రం చూసుకోండి, 31 అంగుళాల వెడల్పు, 52 పొడవు దాటినవి రానివ్వరు. లాక్కెళ్లే వ్యాగన్లు అసలే కుదరవు. రైడ్ దగ్గర ఆపి వెళ్తే అక్కడి సిబ్బంది వాటిని సర్దుతూ జరుపుతుంటారు. మాది వెతుక్కోలేక మొదటి రోజు తంటాలు పడ్డాం. రెండో రోజు నుంచి పెద్దదాని పసుపు రిబ్బను హ్యాండిల్‌కి కట్టాం.

అందరం కలిసి వచ్చాం కాబట్టి అందరం కలిసే తిరగాలని పట్టు పట్టడం మా మొదటి రోజు తప్పు. ఒకళ్లు ఎక్కుతుంటే అయిదుగురు ఎండలో కాపలా. మూడో రోజు నుంచి విడిపోయాం. పొద్దున రెండు గంటలు కలిసి, మధ్యాహ్నం ఎవరి దారి వారిది, సాయంత్రం మళ్లీ కలిసి.

కలిసి ఉండే గంటల్లో ఎత్తు అడగనివే ఎక్కాం. డంబో, పీటర్ పాన్స్ ఫ్లైట్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, ఎప్‌కాట్‌లో రెమీ, ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్. అత్తయ్యకి అన్నిటికన్నా పీపుల్ మూవర్ నచ్చింది. ఎత్తున మెల్లగా పోయే బండి, ఎగుడుదిగుళ్లు లేవు, గాలి తగులుతుంది. చిన్నది ఆవిడ ఒళ్లో నిద్రపోతే రెండోసారి కూడా ఎక్కారు. బేబీ కేర్ సెంటర్ ప్రతి పార్కులోనూ ఉంది. పాలిచ్చుకోవడానికి గది, డైపర్ మార్చే బల్లలు, మైక్రోవేవ్, పిల్లల్ని కూర్చోబెట్టే ఎత్తు కుర్చీలు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే రెస్టారెంట్ పక్కన. చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. నేను పది నిమిషాలని వెళ్లి నలభై నిమిషాలు కూర్చున్నాను.

అత్తయ్య మోకాళ్ల నొప్పితో గదిలో ఉండిపోయిన రోజు రైడర్ స్విచ్, అంటే పెద్దవాళ్లు వంతులవారీగా ఎక్కే పద్ధతి, మమ్మల్ని కాపాడింది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, రైడ్ ముందున్న సిబ్బందికి చెబితే చాలు. స్లింకీ డాగ్‌కి మావారు పెద్ద ఇద్దరితో క్యూలో నిలబడి ఎక్కి వచ్చారు. అంతసేపూ నేను చిన్నదానితో నీడలో ఉన్నాను. తర్వాత పిల్లను ఆయనకి అప్పగించి, నేను లైట్నింగ్ లేన్ అనే దగ్గరిదారిలో వెళ్లాను. నాతో పెద్దది కూడా రెండోసారి వచ్చింది. ఏడేళ్లు నిండని పిల్లలతో పధ్నాలుగేళ్లు నిండినవాళ్లు ఒకరు తప్పకుండా ఎక్కాలి కాబట్టి మధ్యవాణ్ణి అక్కకి అప్పగించే వీల్లేదు. ఎవరు ఎవరితో కూర్చోవాలో క్యూలోకి వెళ్లకముందే తేల్చుకోవాలి. లోపల తేల్చుకుంటే గొడవే.

డబ్బు కట్టి దగ్గరిదారిన వెళ్లే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ ఒక్క రోజుకే కొన్నాం, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రెండోసారి వెళ్లినప్పుడు. ధర రోజును బట్టీ పార్కును బట్టీ మారుతుంది. డిస్నీ హోటల్లో ఉంటే ఏడు రోజుల ముందు, బయట ఉంటే మూడు రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. మధ్యాహ్నం గదికి వెళ్లిపోయే మాలాంటి వాళ్లకు రోజూ కొనడం దండగ. ఎక్కువ రైడ్లున్న పార్కులో ఒక్క రోజు చాలు.

నాలుగో రోజు మావారు పెద్దదాన్ని తీసుకుని యూనివర్సల్ వాళ్ల ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కి వెళ్లారు. హ్యారీ పోటర్ వైపున్న హ్యాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్‌కి 48 అంగుళాలు కావాలి, మా పెద్దది 52. తమ్ముడూ చెల్లీ లేకుండా నాన్నతో ఒక రోజు. రాత్రి వచ్చి రైడ్ల గురించి తక్కువ, నాన్న ఎక్కడెక్కడ అరిచారో ఎక్కువ చెప్పింది. మేం నలుగురం హోటల్ కొలనులో గడిపాం, ఖర్చు సున్నా. యూనివర్సల్‌లో కూడా రైడర్ స్విచ్ లాంటి సౌకర్యమే ఉంది, చైల్డ్ స్వాప్ అంటారు. తేడా ఏమిటంటే అక్కడ ఇంటిల్లిపాదీ క్యూలో కలిసి నడిచి, చివర ఒక గదిలో పిల్లతో ఒకరు ఆగుతారు. క్యూలో ఓపిగ్గా నిలబడే పిల్లలైతే అది బాగుంటుంది. మా చిన్నదానితో డిస్నీ పద్ధతే నయం. పిల్లలందరూ ఆరేళ్లలోపు వాళ్లయితే యూనివర్సల్‌కి ఇప్పుడే వెళ్లకండి అంటాను. తొమ్మిది, పది దాటినవాళ్లే అయితే అక్కడికే ముందు వెళ్లమంటాను.

రెండు జాగ్రత్తలు. మిక్కీ అంటే బొమ్మల్లో చూసినంత ఉంటాడని చిన్నది అనుకుంది. మనిషంత ఎత్తు, గుమ్మడికాయంత తల చూసి కెవ్వుమంది. ఫొటోలో మధ్యవాడి నవ్వు, వెనకాల పారిపోతున్న రెండు చిన్న కాళ్లు ఉన్నాయి. రెండోది, రాత్రి బాణసంచా. చెవులు మూసే హెడ్‌ఫోన్లు తీసుకెళ్లడం మర్చిపోయాం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కోటకి దూరంగా, గేటు వైపు నిలబడి చూశాం. వెలుగు అక్కడికీ కనిపించింది, చప్పుడు తగ్గింది, బస్సు కూడా ముందు దొరికింది.

యానిమల్ కింగ్‌డమ్ వదిలేశాం. సఫారీకి ఎత్తు అక్కర్లేదు, చిన్నదానికి సరిగ్గా సరిపోయేది, అదొక్కటే నాకు మిగిలిన కొరత.

ఆఖరి రోజు విమానాశ్రయంలో మావారు ఫోన్‌లో లెక్క వేస్తున్నారు. "మూడేళ్లాగి వస్తే వీడు 44 దాటుతాడు, చిన్నది 40 అందుకుంటుంది. ముగ్గురూ కలిసి ఎక్కొచ్చు." అత్తయ్య చెప్పులు విప్పి కాళ్లు కుర్చీ మీదకి చాపుకున్నారు. "ఆ లెక్కలో నా మోకాళ్లని కూడా ఒక వరసలో రాసుకోరా" అన్నారు.